కోటీశ్వరుల ఓడ కరిగిపోయింది... పిల్లల పడవ మిగిలింది

లిప్టన్ టీ పేరు వినని ఇల్లాలు మనలో ఉండదేమో! ఆ పేరుగల పెద్దమనిషి సర్ థామస్ లిప్టన్. సిలోన్‌లో తేయాకు తోటలు కొని, దేశదేశాలకీ టీ అమ్మి కోట్లు గడించాడు. డబ్బుతో దొరికేవన్నీ కొన్నాడు గానీ ఒక్కటి మాత్రం ఆయనకి దక్కలేదు. తెరచాప ఓడల పందెంలో గెలిచినవాళ్లకిచ్చే అమెరికాస్ కప్ అనే వెండి కూజా అది. 1899, 1901, 1903, 1920, 1930... ఐదుసార్లు కొత్త ఓడ కట్టించి అట్లాంటిక్ దాటించి తీసుకెళ్లాడు. ఐదుసార్లూ ఓడిపోయాడు. అందులో మొదటి నాలుగుసార్లు ఆయన్ని ఓడించిన ఓడలన్నీ ఒక్క మనిషి గీసినవే.

ఆ మనిషి పేరు నథానియెల్ గ్రీన్ హెరెషాఫ్. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రంలో, బ్రిస్టల్ అనే రేవు ఊరు ఆయనది. ఆయన గురించి రాసేవాళ్లంతా ఆ పెద్ద ఓడల గురించే రాస్తారు. నాకు మాత్రం ఆయన పిల్లల కోసం చేసిన ఒక చిన్న పడవ గురించీ, చూపులేని ఆయన అన్నయ్య గురించీ మీకు చెప్పాలని ఉంది. ఎందుకో చదువుతూంటే మీకే తెలుస్తుంది.

అన్నకి కళ్లు తమ్ముడే

నథానియెల్ 1848 మార్చి 18న పుట్టాడు. తొమ్మిది మంది సంతానంలో ఏడోవాడు. ఇల్లు సముద్రం ఒడ్డునే. తండ్రి ఛార్లెస్‌కి పడవలంటే ప్రాణం. పిల్లలకి నడక ఎంత సహజంగా వచ్చిందో పడవ నడపడమూ అంతే సహజంగా వచ్చింది.

ఆ ఇంటికి ఒక పెద్ద కష్టం ఉండేది. పిల్లల్లో కొందరికి చూపు పోయింది. వాళ్లలో ఒకడు జాన్ బ్రౌన్, నథానియెల్ కన్నా ఏడేళ్లు పెద్ద. జాన్‌కి చిన్నప్పటి నుంచీ చెక్కపని పిచ్చి. పదిహేనేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి.

మా అమ్మమ్మగారి ఊళ్లో వరసకి మామయ్య అయ్యే ఒకాయన ఉండేవారు. చిన్నతనంలో అమ్మవారు పోసి చూపు పోయింది. పొద్దున్నే ఆయన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టేవారు. భోజనం వేళకి లోపలికి తీసుకెళ్లేవారు. ఎవరూ ఏ లోటూ చెయ్యలేదు. పల్లెత్తు మాట అనలేదు. కానీ ఏ పనీ చెప్పలేదు. మేం పిల్లలం దగ్గరికెళితే మా గాజులు తడిమి ఎవరి చేతులో చెప్పేసేవారు. అంత తెలివైన వేళ్లు అరవై ఏళ్లు ఆ అరుగు మీద ఊరికే గడిచిపోయాయి. జాన్ కథ చదివినప్పుడు నాకు ఆ మామయ్యే గుర్తొచ్చారు.

హెరెషాఫ్‌ల ఇంట్లో జాన్‌ని అరుగు మీద కూర్చోబెట్టలేదు. పడవలు చెయ్యనిచ్చారు, నడపనిచ్చారు. చుక్కాని దగ్గర జాన్ కూర్చుంటే, ఎదురుగా ఏముందో చెప్పడానికి పక్కన చిన్న తమ్ముడు నథానియెల్ ఉండేవాడు. గాలి ఎటునుంచి వస్తోందో చెంపకి తగిలే తీరునిబట్టి అన్నకి తెలిసేది. ఎదురుగా వచ్చే పడవ ఎంత దూరంలో ఉందో తమ్ముడు చెప్పేవాడు.

1860లో తండ్రీ కొడుకులు కలిసి స్ప్రైట్ అనే ఇరవై అడుగుల పడవ కట్టారు. దానికి లెక్కలు వేసినవాడు పన్నెండేళ్ల నథానియెల్. చెక్కతో చేసిన చిన్న నమూనా మీద కొలతలు తీసి, వాటిని అసలు పడవ సైజుకి పెంచి ఇచ్చాడు. ఆ స్ప్రైట్ ఈనాటికీ బ్రిస్టల్ మ్యూజియంలో ఉంది.

వేళ్లతో చూసిన అన్న

జాన్ 1863లో సొంతంగా పడవల వ్యాపారం మొదలుపెట్టాడు. చూపులేని ఇరవై రెండేళ్ల కుర్రాడికి పడవ చేయించుకోవడానికి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారంటే అతని పనితనం మీద ఎంత నమ్మకమో చూడండి. నథానియెల్ బోస్టన్‌లో అప్పుడప్పుడే పెట్టిన ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఆ తర్వాత ప్రావిడెన్స్‌లో ఆవిరి యంత్రాలు తయారుచేసే కోర్లిస్ కంపెనీలో ఉద్యోగం. జీతం ఉంది, పేరు ఉంది. అయినా 1878లో ఆ ఉద్యోగం వదిలేసి అన్న దగ్గరికి వచ్చేశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి హెరెషాఫ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు.

పని పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. తమ్ముడు మితభాషి. ఎవరైనా పలకరిస్తే పొడిపొడిగా జవాబిచ్చి పనిలో పడిపోయే రకం. అన్న మాటకారి. బేరాలు, కొనుగోళ్లు, జీతాలు, లెక్కలు అన్నీ అన్నవే. కాగితం లేకుండానే ఫలానా పడవకి ఎంత ఖర్చవుతుందో మనసులోనే గుణించి చెప్పేవాడు. కలపని చేత్తో తడిమి మంచిచెడ్డలు పోల్చేవాడు.

కొత్త పడవ ఆలోచన రాగానే నథానియెల్ ముందు కాగితం మీద గీసేవాడు కాదు. మెత్తని కొయ్యలో పడవ ఆకారం సగం చెక్కేవాడు. నిలువునా కోసిన దోసకాయ బద్దలా ఉంటుందన్నమాట. ముగ్గులో ఒక పక్క వేస్తే రెండో పక్క ఎలా ఉండాలో మనకి తెలిసినట్టే, సగం సరిగ్గా వస్తే రెండో సగం దాన్ని చూసి వచ్చేస్తుంది. ఆ నమూనాని అన్న చేతికి ఇచ్చేవాడు. జాన్ దాని మీద మెల్లగా వేళ్లు నడిపి, ఎక్కడ వంపు ఎక్కువైందో, ఎక్కడ తగ్గిందో చెప్పేవాడు. కళ్లున్నవాళ్లని రంగూ మెరుపూ మోసం చేస్తాయి. వేళ్లని మోసం చెయ్యడం కష్టం!

ఈ కథలో చేదు కూడా లేకపోలేదు. 1888లో ఆవిరితో నడిచే ఒక కొత్త నౌకని నథానియెల్ పరీక్షిస్తూంటే బాయిలర్ పేలి ఒక మనిషి చనిపోయాడు. ఆవిరి యంత్రాలు నడిపేందుకు ఆయనకున్న లైసెన్సుని రద్దు చేశారు. ఆ తర్వాత ఆయన దృష్టి ఎక్కువగా తెరచాపల మీదికి మళ్లింది.

వెండి కూజా కోసం

1893లో విజిలెంట్, 1895లో డిఫెండర్, 1899లోనూ 1901లోనూ కొలంబియా, 1903లో రిలయన్స్, 1920లో రెజల్యూట్. అమెరికాస్ కప్ నిలబెట్టిన ఈ ఓడలన్నీ నథానియెల్ గీసినవే. డిఫెండర్ మీద ఒక విశేషం జరిగింది. యజమానుల్లో ఒకరైన ఆలివర్ ఐస్లిన్ భార్య హోప్ గొడార్డ్ ఐస్లిన్ పందెం జరుగుతున్నంతసేపూ ఓడ మీదే ఉండి జట్టులో పాలుపంచుకుంది. ఒడ్డున గొడుగు పట్టుకుని చూడ్డమే ఆడవాళ్ల వంతు అనుకునే 1895లో సంగతి ఇది!

తెరచాప కుట్టడంలోనూ నథానియెల్ కొత్త పద్ధతి తెచ్చాడు. మనలో కుట్టుపని తెలిసినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. అప్పటిదాకా గుడ్డ ముక్కల్ని నిలువుగా పేర్చి అతుకులు వేసేవారు. గాలి ప్రతి అతుకునీ దాటుకుంటూ పోవాలి. పైగా పడుగు దారం సాగడంతో చాప అంచు వదులయ్యేది. ఈయన ముక్కల్ని అడ్డంగా పేర్చి కుట్టించాడు. గాలి అతుకుల వెంబడే జారిపోయింది, చాప ఆకారం నిలిచింది. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు.

1903 నాటి రిలయన్స్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ముందు కొస నుంచి వెనక కొస దాకా రెండువందల అడుగుల పొడవు. తెరచాపల వైశాల్యం 16,000 చదరపు అడుగుల పైమాటే. మన మధ్యతరగతి ఇళ్లు పదిహేను పరిచినా ఆ గుడ్డ కిందికే వచ్చేస్తాయి. నడపడానికి అరవై మందికి పైగా మనుషులు కావాలి. లిప్టన్ షామ్‌రాక్‌ని మూడు పందేల్లో మూడుసార్లు ఓడించింది. అంతే. మళ్లీ అది పందెంలో దిగలేదు. అంత భారీ ఓడని పోషించడం కోటీశ్వరులకే తలకి మించిన పని. పదేళ్లు తిరక్కుండా 1913లో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు.

నథానియెల్ ఇంటి సంగతి కూడా చెప్పాలి. 1883లో క్లారా డివుల్ఫ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఒక కూతురు, ఐదుగురు కొడుకులు. 1905లో క్లారా చనిపోయింది. భర్త కట్టిన ఓడల కొలతలు అంగుళాలతో సహా పుస్తకాల్లో ఉన్నాయి. ఆరుగురు పిల్లల్ని పెంచుతూ, పని తప్ప మాటలెరగని మనిషితో ఇరవై రెండేళ్లు సంసారం ఈదుకొచ్చిన ఆవిడ శ్రమకి కొలతలు ఎవరు తీస్తారు?

1914లో ఒక చిన్న కోరిక

బ్రిస్టల్‌కి తూర్పున మసాచుసెట్స్ రాష్ట్రంలో బజర్డ్స్ బే అని ఒక అఖాతం ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. అక్కడ వేసవి గడిపే కుటుంబాల తండ్రులు కొందరు నథానియెల్ దగ్గరికొచ్చారు. మా పిల్లలు పడవ నేర్చుకోవాలి, అక్కడి గాలికి తట్టుకోవాలి, తిరగబడకూడదు, అలాంటిది కావాలన్నారు.

అప్పటికి ఆయనకి అరవై ఆరేళ్లు. ఆ 1914లోనే అదే కార్ఖానాలో కోటీశ్వరుల కోసం రెజల్యూట్ తయారవుతోంది. ఆ హడావుడిలో పిల్లల పడవని ఏ కుర్ర ఇంజనీరుకో అప్పజెప్పొచ్చు. ఆయన అలా చెయ్యలేదు. ఓడకి పెట్టిన శ్రద్ధే దానికీ పెట్టాడు. నీటి మట్టం దగ్గర పొడవు పన్నెండున్నర అడుగులు. అందుకే దాన్ని ఇప్పటికీ హెరెషాఫ్ పన్నెండున్నర అంటారు. మొత్తం పొడవు పదహారు అడుగుల లోపే.

దాని కిటుకంతా అడుగున ఉంది. పడవ పొట్ట కింద వెన్నెముకలా నీళ్లలోకి దిగి ఉండే భాగాన్ని కీల్ అంటారు. దాని అడుగున సుమారు 330 కిలోల సీసం బిగించాడు. పడవ మొత్తం బరువులో దాదాపు సగం అదే. తంజావూరు బొమ్మని ఎంత వంచినా మళ్లీ లేచి నిలబడుతుంది కదా, ఇదీ అంతే. గాలికి ఒరిగిన పడవని సీసం మళ్లీ నిలబెడుతుంది. పక్కకి కొట్టుకుపోకుండా కీల్ నీళ్లని పట్టుకుంటుంది.

మొదటి ఏడాదే ఇరవై దాకా తయారయ్యాయి. అన్నీ ఒకే అచ్చు మీద కట్టినవి. దీన్లో పెద్ద న్యాయం దాగి ఉంది. రకరకాల పడవలు పందెంలో దిగితే, పెద్దదానికి ఇంత, చిన్నదానికి ఇంత అని సమయంలో తేడాలు లెక్కగట్టాలి. అలాంటి పట్టికలు కుర్రతనంలో నథానియెల్ కూడా తయారుచేశాడు. కానీ పడవలన్నీ ఒకేలా ఉంటే ఏ లెక్కా అక్కర్లేదు. ముందొచ్చినవాళ్లే గెలిచినట్టు. డబ్బున్న తండ్రి కొడుక్కి ఇంకా వేగమైన పడవ కొనిపెట్టడం కుదరదు.

గెలుపు ఎక్కడుంది?

మరి అన్నీ ఒకటే అయితే గెలుపు దేన్నిబట్టి? నడిపే తెలివొకటి. హుస్సేన్‌సాగర్ మీద పందేల రోజున తెల్లటి చాపలు అటూ ఇటూ తిరగడం మీలో కొందరు చూసే ఉంటారు. తిన్నగా వెళ్లకుండా ఆ తిప్పలేమిటా అనిపిస్తుంది. గాలికి ఎదురుగా తిన్నగా వెళ్లడం ఏ తెరచాప పడవకీ చేతకాదు. ఘాట్ రోడ్డులో బస్సు కొండెక్కినట్టు ఇటు కొంత, అటు కొంత మలుపులు తిరుగుతూ ఎక్కాలి. ఏ మలుపు ఎప్పుడు తిరగాలో తెలిసినవాళ్లది పైచెయ్యి.

రెండోది పోషణ. ఇది పందెంనాడు కనపడదు. సముద్రంలో ఉన్న పడవ అడుగుకి నాచు పడుతుంది, చిన్న చిన్న గుల్లజీవులు అంటుకుంటాయి. వేలెడు నాచు చాలు, పడవ ఈడ్చుకుంటూ నడుస్తుంది. అది గోకాలి, గరుకు కాగితంతో రుద్దాలి, రంగు వెయ్యాలి. చలికాలం రాగానే పడవని ఒడ్డుకి లాగి కప్పిపెట్టాలి. అప్పుడు దేవదారు పలకలు ఆరి సందులు పడతాయి. వసంతంలో మళ్లీ నీళ్లలోకి దింపితే మొదటి ఒకటి రెండు రోజులు లోపలికి నీరు ఊరుతుంది. కంగారుపడక్కర్లేదు, నీళ్లు తోడిపోస్తూ ఓపిక పట్టాలి. చెక్క నాని ఉబ్బి సందులు అవే మూసుకుంటాయి. సీసాన్ని పట్టి ఉంచే బోల్టులు అరిగాయేమో చూడాలి. ఆవిరి పట్టి వంచిన ఓక్ బద్దలు, అంటే పడవ పక్కటెముకలు, ఎక్కడైనా చిట్లితే పక్కన కొత్త బద్ద వెయ్యాలి. తడిసిన నూలు చాపని ఆరబెట్టకుండా మడిచిపెడితే బూజు పడుతుంది. ఇది మనకి ఎవరో చెప్పాలా?

ఈ పనులకి కప్పులివ్వరు. చేస్తే ఎవరికీ కనపడవు. చెయ్యకపోతే మాత్రం అందరికీ కనపడతాయి! ఇంటిపని లాంటిదే అన్నమాట. మా ఇంట్లో మా అత్తగారి కుట్టుమిషను ఉంది. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో కొన్నది. ఆవిడ వారం వారం నూనె చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి, మూత పెట్టేవారు. ఇప్పుడు ఆ పని నాది. అది ఈనాటికీ చక్కగా కుడుతోంది. బాగా చేసినవాడి గొప్పతనం సగమైతే, రోజూ తుడిచినవాళ్ల గొప్పతనం మిగతా సగం. ఆ మిగతా సగానికి పేరుండదు.

మిగిలిందేమిటి

1915లో జాన్ చనిపోయాడు. తమ్ముడికి అన్న లేని కార్ఖానా మునుపటిలా ఉండలేదు. లెక్కలు చూసే మనిషి పోయాక రెండేళ్లకి కంపెనీ ఇతరుల చేతుల్లోకి వెళ్లింది. 1924లో వేలానికి వచ్చింది. కొన్నవాళ్లు మరో ఇరవై ఏళ్లు నడిపి రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మూసేశారు. నథానియెల్ 1915లో ఆన్ రోబక్‌ని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చలికాలాలు వెచ్చటి చోట్ల గడుపుతూ, చిన్న చిన్న పడవలు చేసుకుంటూ బతికాడు. 1938 జూన్ 2న, తొంభయ్యో ఏట బ్రిస్టల్‌లోనే కన్నుమూశాడు. కొడుకుల్లో సిడ్నీ, ఫ్రాన్సిస్ ఇద్దరూ పడవల రూపకర్తలే అయ్యారు. తండ్రి జీవితకథని 1953లో పుస్తకంగా రాసింది ఫ్రాన్సిసే. 1971లో పాత కార్ఖానా ఉన్నచోటే ఆ కుటుంబంవాళ్లు మ్యూజియం పెట్టారు.

పెద్ద ఓడలేమయ్యాయి? రిలయన్స్ తుక్కయింది. రెజల్యూట్‌ని కూడా 1930ల్లో ముక్కలు చేసేశారు. కప్ గెలిచిన ఆయన ఓడల్లో ఒక్కటీ మిగల్లేదు. పిల్లల పడవ మాత్రం ఉంది. 1943 దాకా ఆ కార్ఖానాలోనే 360కి పైగా కట్టారు. తర్వాత వేరేచోట్ల చెక్కతో కొన్ని, ఆపైన అదే ఆకారంలో ఫైబర్‌గ్లాస్‌తో మరెన్నో వచ్చాయి. మొదట్లో దానికి పెట్టిన పేరులో అబ్బాయిల పడవ అని ఉంది గానీ, గాలికి ఆ తేడా తెలియదు కదా! అమ్మాయిలూ నడిపారు, అమ్మలూ అమ్మమ్మలూ నడిపారు. బజర్డ్స్ బేలో వేసవి వస్తే ఈనాటికీ ఆ పడవలు వరుసగా బారులు తీరి పందేలు ఆడతాయి. వాటిలో వందేళ్లు దాటినవీ ఉన్నాయి.

నూరేళ్లలో వాటి పలకలు మారాయి, బద్దలు మారాయి, చాపలు ఎన్నోసార్లు మారాయి. చేతులూ మారాయి. ఒకరు పెద్దవాళ్లయి వెళ్లిపోతే మరొకరు గరుకు కాగితం అందుకున్నారు. కోటీశ్వరుల ఓడకి అలాంటి చేతులు దొరకలేదు. దాన్ని అరవై మంది జీతగాళ్లు నడిపారు, జీతం ఆగగానే అదీ ఆగింది. పిల్లల పడవని ఒక ఇంటివాళ్లు సాకగలరు. అందుకే బతికింది.

నథానియెల్ పేరు చెప్పగానే అమెరికాలో ఇప్పటికీ వెండి కూజానే తలుచుకుంటారు. తలుచుకోనివ్వండి. నాకైతే చలికాలం చివర ఏదో పెరట్లో, బోర్లించిన పడవ పొట్ట మీద అరచెయ్యి నడుపుతూ ఎక్కడ గరుకుగా ఉందో వెతుకుతున్న ఎవరో అమ్మాయి కనపడుతుంది. అలా వెతకడానికి కళ్లు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుందట. జాన్ వేళ్లు చేసిన పని అదే.